మామయ్య, మా ఆయన, మధ్యలో జైరాం రెడ్డిగారు

లివర్‌పూల్ అంటే మనవాళ్లకి ఇంగ్లండే గుర్తొస్తుంది. నేను చెప్పేది సిడ్నీలో ఉన్న లివర్‌పూల్ గురించి. ఫిజీ నుంచి వచ్చేసిన భారత సంతతివాళ్లు ఇక్కడ బోలెడుమంది. ఇక్కడి ఫిజీ కొట్లో అడుగు పెట్టగానే ముందు తగిలేది, అక్కడివాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే నంగోనా వేరు పొడి వాసన. ఎండిన వేరు, కాస్త మట్టి, కాస్త మిరియం కలిసినట్టుంటుంది. మొన్న డాలో దుంపలకని వెళ్తే కొట్టాయన అప్పుడే కొత్త బస్తా మూతి విప్పుతున్నాడు. ఇంకేముంది, మనిషిని ఇక్కడున్నా మనసు ఫిజీలోని లౌటోకాలో మా మామగారి వరండాలో తేలింది.

ఆ వరండా గుర్తొస్తే ఫిజీలో మనవాళ్ల రాజకీయ నాయకుడు జైరాం రెడ్డిగారు గుర్తు రాకుండా ఉండరు. ఆయన మా ఇంటికి ఎన్నడూ వచ్చింది లేదు. కానీ ఆయన ప్రస్తావన రాకుండా ఆ ఇంట్లో పొద్దుపోయేది కాదు. మా మామగారికి ఆయన దేవుడి తర్వాత దేవుడు. మా ఆయనకి మాత్రం, ముఖ్యంగా ఫిజీలో మా చివరి రోజుల్లో, ఆయన పేరెత్తితే ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఇద్దరి మధ్యా అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని కాబట్టి ఈ కథ చెప్పడానికి నాకంటే తగినవాళ్లు లేరనుకుంటాను.

*

మా ఆయన ఇండియా ప్రభుత్వం స్కాలర్‌షిప్ మీద విశాఖపట్నంలో చదువుకోవడానికి వచ్చిన ఫిజీ అబ్బాయి. ఆ వివరాలు ఇప్పుడెందుకు గానీ, పెళ్లయింది, 1980లు మొదలవుతూనే నేను నాందీ విమానాశ్రయంలో దిగాను. అక్కడి నుంచి లౌటోకాకి దారి పొడుగునా చెరుకే. చెరుకు తోటల మధ్య సన్న పట్టాల మీద బుల్లి రైలు, లౌటోకాలో 1903 నుంచి నడుస్తున్న చక్కెర మిల్లు, క్రషింగ్ మొదలైతే ఊరంతా బెల్లప్పాకం వాసన. ఆరేసిన బట్టల మీద కాలిన చెరుకాకు నుసి పడేది. ఆ నుసి దులుపుకోవడం నేర్చుకోవడమే అక్కడి కాపురంలో నా మొదటి పాఠం.

మామయ్య వాళ్ల అమ్మ పిల్లగా ఉన్నప్పుడు విశాఖ జిల్లా నుంచి తల్లిదండ్రులతో ఓడెక్కిందట. గిర్మిట్ కూలీలన్నమాట, అంటే అగ్రిమెంట్ మీద వెళ్లినవాళ్లు. 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా భారతీయులను ఫిజీ చెరుకు తోటలకి తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. వాటిలో తమిళులు, మలయాళీలతో పాటు మన విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లూ ఉన్నారు. మామయ్య మాట్లాడే తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉండేది, మధ్య మధ్యలో ఫిజీ హిందీ. "ఏటమ్మా, భాత్ అయిపోనాదా?" అని అడిగితే మొదట్లో నవ్వాపుకోలేకపోయేదాన్ని.

పొద్దు వాలగానే ప్రతి ఇంటి వెనకా టంగ్ టంగ్ మని చప్పుడు మొదలయ్యేది. ఇనప రోట్లో నంగోనా వేళ్లు దంచే చప్పుడు. మామయ్య ఆ పొడిని గుడ్డలో మూటకట్టి, తానోవా అనే పెద్ద చెక్క గిన్నెలో నీళ్లు పోసి, పిసికి పిసికి వడగట్టేవారు. బురదనీళ్ల రంగు. చుట్టూ చాపల మీద నలుగురైదుగురు. కొబ్బరిచిప్ప అందుకునే ముందు ఒక చప్పట్టు, తాగాక మళ్లీ చప్పట్లు. తాగినవాళ్లకి నాలుక మొద్దుబారుతుంది, మాట నెమ్మదిస్తుంది, పేచీ కూడా నెమ్మదిగా సాగుతుంది. మన సారా అరుగుల మీద జరిగే రాజకీయ చర్చకీ దీనికీ అదే తేడా. ఎవరూ లేచి చొక్కా పట్టుకోరు. ఓ రెండు రౌండ్లయ్యాక ఎవరో ఒకరు, "రెడ్డి ఏమన్నాడంట ఇవాళ?" అనేవారు.

*

రెడ్డి అన్న పేరు వినగానే నేను మొదట్లో మనవైపు నుంచి వచ్చిన మనిషేమో అనుకున్నాను. ఆయన పుట్టింది లౌటోకాలోనే, 1937లో. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ వెళ్లి లా చదువుకుని వచ్చి ఆ ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టారు. 1972లో సెనేట్‌కి నామినేట్ అయ్యారు. ఆయన పార్టీ నేషనల్ ఫెడరేషన్ పార్టీ, చెరుకు రైతుల సంఘాల్లోంచి పుట్టిన పార్టీ. మామయ్యలాంటివాళ్లకి అది పార్టీ అంటే పార్టీ కాదు, ఇంటిపేరు లాంటిది.

మామయ్య నాకు చెప్పిన మొదటి రాజకీయ కథ 1977 నాటిది. ఆ ఏడు ఏప్రిల్‌లో ఫెడరేషన్ పార్టీకి 52లో 26 సీట్లొచ్చాయి. అప్పటి ప్రధాని రాతూ మారాగారి అలయన్స్ పార్టీకి 24. గెలిచినట్టే. కానీ నాయకుడు ఎవరన్నది తేల్చుకోవడానికే మనవాళ్లు రోజులు తీసుకున్నారు. ఈలోగా గవర్నర్ జనరల్ మళ్లీ మారాగారినే ప్రధానిగా నియమించేశారు. ఇది చెప్పేటప్పుడు మామయ్య చిప్ప కింద పెట్టేసేవారు. "పెళ్లికొడుకు తలపాగా సరిచేసుకుంటుంటే ముహూర్తం దాటిపోనాది" అనేవారు. అదే ఏడు సెప్టెంబర్‌లో మళ్లీ ఎన్నికలు. పార్టీ రెండుగా చీలింది, పువ్వు గుర్తొకటి, పావురం గుర్తొకటి. పావురం పక్షానికి పాత నాయకుడు సిద్దిఖ్ కోయా, పువ్వు పక్షానికి జైరాం రెడ్డి. ఇద్దరూ లౌటోకా వకీళ్లే. లౌటోకా సీట్లో కోయాగారిని రెడ్డిగారు ఓడించారు. పార్టీకి మొత్తం మీద 15 సీట్లే దక్కాయి. ఆ పదిహేనుతోనే రెడ్డిగారు ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఊళ్లో అన్నదమ్ములు కూడా ఆ పువ్వు పావురం గొడవల్లో మాటలు మానేశారట. నేను కాపురానికొచ్చేసరికి పార్టీ ఒకటైంది గానీ కొన్ని ఇళ్ల మధ్య మాటలు ఇంకా కలవలేదు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఒక బడి మైదానంలో మీటింగ్‌లో. బల్లలు కలిపి వేసిన స్టేజీ, ట్యూబ్‌లైట్ల చుట్టూ రెక్కల పురుగులు, వెనక వరసలో ఎప్పట్లాగే తానోవా. ఆడవాళ్లం ఓ పక్క. మన రాజకీయ నాయకుల గొంతులు విని పెరిగినదాన్ని, మైకు పగిలిపోతుందేమో అనుకుని కూర్చున్నాను. ఆయన హిందీలో, తొందర లేకుండా, కోర్టులో జడ్జికి చెబుతున్నట్టు ఒక్కో పాయింటూ విప్పుకుంటూ పోయారు. చెరుకు ధర, లీజులు, బడులు. నాకు సగమే అర్థమైంది. కానీ వెనక తానోవా దగ్గర చప్పట్లు కూడా ఆగిపోవడం మాత్రం గమనించాను. ఫిజీలో అది మామూలు విషయం కాదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే, 1983 చివర్లో, పార్లమెంటులో స్పీకర్ తొమాసీ వకతోరాగారితో రెడ్డిగారికి మాటా మాటా పెరిగింది. ఈయన స్పీకర్ కుర్చీలో ఉన్నంతకాలం సభలో అడుగుపెట్టనని రెడ్డిగారు లేచి వచ్చేశారు. మాట మీద నిలబడి పదవి కూడా వదిలేసుకున్నారు. మామయ్య ఛాతీ విరుచుకుని తిరిగారు. మా ఆయన మాత్రం, "అలిగి ఇంట్లో కూర్చుంటే మా జీతాల సంగతి ఎవరు మాట్లాడతారు?" అన్నాడు. మా ఆయన స్కూలు మాస్టరు. అప్పుడు ప్రభుత్వం జీతాలు స్తంభింపజేసింది, యూనియన్లన్నీ మండిపడుతున్నాయి. 1985లో ఆ యూనియన్లలోంచే లేబర్ పార్టీ పుట్టింది. అధ్యక్షుడు డాక్టర్ బవంద్రా, మూలవాసి ఫిజియన్. మహేంద్ర చౌధరి అందులో ముఖ్యుడు. మా ఆయన మెంబర్‌షిప్ కార్డు తెచ్చి గోడ మేకుకి తగిలించాడు. మామయ్య దాని పక్కనే ఫెడరేషన్ పార్టీ మామిడిచెట్టు గుర్తున్న క్యాలెండర్ తగిలించారు. మా ఇంటి గోడ ఆ రోజు నుంచి రెండు పార్టీల గోడ.

*

1987లో ఆ రెండు పార్టీలూ పొత్తు కుదుర్చుకున్నాయి. ఆ పొత్తు కుదరడంలో రెడ్డిగారి చేయి పెద్దది. ఏప్రిల్ ఎన్నికల్లో కూటమికి 28, అలయన్స్‌కి 24. పదిహేడేళ్ల మారాగారి పాలన పోయింది. బవంద్రాగారు ప్రధాని, రెడ్డిగారు అటార్నీ జనరల్, న్యాయశాఖ మంత్రి. మా ఇంట్లో తండ్రీ కొడుకులు ఒకే పక్షాన ఉన్న ఏకైక నెల అది. అత్తమ్మ పరవాణ్ణం చేసింది. మామయ్య పేపర్లో వచ్చిన మంత్రుల ఫొటో కత్తిరించి, గంజితో అట్టకి అంటించి, క్యాలెండర్ కింద పెట్టారు. గంజికి ఆశపడి బొద్దింకలు అట్ట అంచు కొరికేశాయి. మంత్రులకేం కాలేదు.

ఏప్రిల్ 13న ప్రమాణం చేశారు. మే 14న, గురువారం పొద్దున, సుమారు పదింటికి, ముసుగులేసుకున్న పదిమంది సైనికులు సువాలో సభ జరుగుతుండగా లోపలికి వచ్చారు. సందర్శకుల గ్యాలరీలో మామూలు బట్టల్లో కూర్చుని ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రంబుకా లేచి నిలబడి ప్రభుత్వాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నామన్నారు. బవంద్రాగారినీ ఆయన మనుషులనూ పట్టుకుపోయి నిర్బంధించారు. రెడ్డిగారి మంత్రి పదవి అక్కడితో అయిపోయింది. లెక్కేస్తే ఒక నెల, ఒక రోజు. మళ్లీ ఎప్పుడూ ఆయన మంత్రి కాలేదు.

మాకు టీవీ లేదు. మాకేమిటి, ఫిజీలోనే లేదు అప్పటికి. వార్త ముందు టాక్సీవాళ్లు తెచ్చారు, తర్వాత రేడియో. టౌన్లో షట్టర్లు దించుతున్న చప్పుడు మా వీధి దాకా వినిపించింది. బడి నుంచి మా ఆయన వచ్చేదాకా నాకు ప్రాణం ప్రాణంలో లేదు. మామయ్య వరండాలో కూర్చుని తారీఖు చూసుకుంటున్నారు. మే 14. 1879లో అదే మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి గిర్మిట్ కూలీలను ఫిజీ నేల మీద దింపింది. నూట ఎనిమిదేళ్లు. "మనం వచ్చిన రోజునే పొమ్మన్నారమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటే. సాయంత్రం ఎవరి ఇంటి వెనకా రోటి చప్పుడు లేదు.

సైనికులు ఇళ్లు సోదా చేస్తున్నారని పుకారొచ్చిన రాత్రి అత్తమ్మ ఆ మంత్రుల ఫొటో అట్టని తీసి బియ్యం డబ్బాలో అడుక్కి తోసేసింది. తర్వాత నెలల తరబడి బియ్యం కొలిచినప్పుడల్లా బవంద్రాగారి కోటు భుజమో, రెడ్డిగారి నుదురో పైకి తేలేది. మళ్లీ తోసేసేదాన్ని.

మా ఆయన్ని ఒక రాత్రి చెక్‌పోస్టు దగ్గర ఆపి, కారు దింపి, రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. దెబ్బలేం కొట్టలేదు. పక్కన నిలబడ్డవాళ్లలో ఒకడు తను పాఠం చెప్పిన పిల్లాడేనట. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ సంగతి నాకు చెప్పడానికే అతనికి ఏళ్లు పట్టింది. తర్వాత జరిగినవాటన్నిటికీ మూలం ఆ రాత్రే అని నా అనుమానం.

ఆ ఏడు చెరుకు కోతకొచ్చినా చాలామంది రైతులు కత్తి పట్టం అని కూర్చున్నారు. సెప్టెంబర్‌లో రంబుకా రెండోసారి తిరగబడ్డారు, అక్టోబర్‌లో దేశం రిపబ్లిక్ అయింది, కామన్వెల్త్ నుంచి బయటపడింది. ఆ తర్వాత ఆదివారం చట్టమొకటి. ఆదివారం కొట్లు లేవు, బస్సుల్లేవు, ఆటల్లేవు. సముద్రం ఒడ్డున పిక్నిక్ కూడా కూడదన్నారు. శనివారం సాయంత్రమే బ్రెడ్డు కోసం క్యూలు. పిల్లలు ఇంట్లో ఒకళ్లనొకళ్లు పీక్కు తినేవాళ్లు. ఇక ప్రయాణాలు మొదలయ్యాయి. ఈ వారం డాక్టరుగారు, వచ్చే వారం బ్యాంకు మేనేజరు, ఆ తర్వాత పక్కింటివాళ్లు. ఆక్లండ్, సిడ్నీ, వాంకూవర్. అమ్మకానికి పెట్టిన కుట్టుమిషన్లు, ఫ్రిజ్‌లు వరండాల్లో బారులు తీరేవి. 1986లో జనాభాలో సగానికి కాస్త తక్కువగా, 48.7 శాతం ఉన్న భారత సంతతివాళ్లు పదేళ్లలో 43.7కి దిగారు.

*

1990లో కొత్త రాజ్యాంగం పెట్టారు. 70 సీట్లలో 37 మూలవాసులకి, 27 మనకి. ప్రధాని మూలవాసి ఫిజియనే కావాలి. అలాంటి రాజ్యాంగం కింద ఎన్నికలకి వెళ్లాలా, బహిష్కరించాలా? వరండాలో కొన్ని నెలలు అదే పంచాయితీ. రెడ్డిగారు లోపలికి వెళ్లి మాట్లాడదాం అన్నారు. 1992లో ఫెడరేషన్ 14, లేబర్ 13 తెచ్చుకున్నాయి. ప్రధాని కావడానికి రంబుకాకి మద్దతు కావాల్సి వస్తే, ఇచ్చింది ఎవరనుకున్నారు? రాజ్యాంగాన్ని సమీక్షిస్తామన్న హామీ తీసుకుని చౌధరిగారి లేబర్ పార్టీ ఇచ్చింది. రెడ్డిగారు వేరే అభ్యర్థి వైపు నిలబడ్డారు. ఈ ఒక్క ముక్కనీ మామయ్య జీవితాంతం దాచుకుని, అవసరమైనప్పుడల్లా కొడుకు మీదికి విసిరేవారు.

ఆ తర్వాత రెడ్డిగారు చేసిన పని నాకు అప్పట్లో పూర్తిగా అర్థం కాలేదు. తనను మంత్రి కుర్చీలోంచి దింపిన మనిషితో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరోజు కాదు, ఏళ్ల తరబడి. సమీక్ష కోసం వేసిన కమిషన్‌కి న్యూజిలాండ్ నుంచి సర్ పాల్ రీవ్స్ అధ్యక్షుడు. సభ్యులు ఇద్దరు. మనవైపు నుంచి చరిత్ర ప్రొఫెసర్ బ్రిజ్ లాల్. అటువైపు నుంచి ఎవరో కాదు, అప్పుడు రెడ్డిగారు అలిగిన స్పీకర్ వకతోరాగారే. వాళ్ల రిపోర్టు 1996లో వచ్చింది. దాన్ని పట్టుకుని రంబుకా, రెడ్డి తమ తమ పార్టీలను నెట్టుకుంటూ, లాక్కుంటూ 1997 రాజ్యాంగం దాకా తెచ్చారు. సభలో ఏకగ్రీవంగా నెగ్గింది. ఏ జాతివాడైనా ప్రధాని కావచ్చు. ఆ అక్టోబర్‌లో కామన్వెల్త్ ఫిజీని తిరిగి చేర్చుకుంది.

ఆ ఏడు జూన్‌లో ఫిజియన్ తెగ పెద్దల మహాసభలో రెడ్డిగారు మాట్లాడారు. భారత సంతతి నాయకుడు ఆ సభలో నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. మీరు మీ జనానికే కాదు, మా అందరికీ పెద్దలు కావాలని ఆయన అక్కడ అడిగారు. మామయ్య దాన్ని పేపర్లో నాచేత చదివించుకుని విన్నారు. ఇంగ్లీషు ఆయనకి రాక కాదు, కళ్లు ఆనక. అప్పటికే పొలం లీజు టెన్షన్ ఆయన్ని తినేస్తోంది. ఫిజీలో నూటికి ఎనభైకి పైగా భూమి మూలవాసులది, అమ్మకం లేదు, లీజుకే ఇస్తారు. ముప్ఫయ్యేళ్ల చెరుకు లీజులు 1997 నుంచి వరసగా తీరిపోతున్నాయి. పునరుద్ధరిస్తారో లేదో ఎవరికీ తెలీదు.

"నేల ఆల్ది, చెరుకు మనది. ఆల్తో మాటాడకుండా ఎలాగమ్మా?" అన్నారు. రెడ్డిగారి రాజకీయమంతా నాకు ఆ ముక్కతోనే అర్థమైంది.

మా ఆయన మాత్రం పేపర్ మడిచి పక్కన పడేశాడు. "తుపాకీ పట్టినవాడితో చేతులు కలిపి ఫొటో దిగితే చెక్‌పోస్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నవాడు ఏమనుకోవాలి?" అన్నాడు. మామయ్య చెక్‌పోస్టు మాట వినడం అదే మొదటిసారి. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి నంగోనా తనొక్కరే దంచుకున్నారు.

*

1999 ఎన్నికల నాటికి రంబుకా, రెడ్డి ఒక కూటమి. ఎదురుగా లేబర్. మామయ్యని నేనే చెయ్యి పట్టుకుని పోలింగ్ బూత్‌కి తీసుకెళ్లాను. కొత్త పద్ధతి బ్యాలెట్. గీతకి పైన టిక్ పెడితే పార్టీ చెప్పిన వరసలో ప్రాధాన్యతలు పోతాయి, కింద అయితే మనమే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకోవాలి. మామయ్య పైన టిక్ పెట్టానని అందరికీ వినబడేలా చెప్పారు. మా ఆయనా దాచలేదు. నా ఓటు ఎవరికని ఇంట్లో ఎవరూ అడగలేదు, కోడలి ఓటు ఎవరిక్కావాలి?

ఫలితాలొచ్చాయి. 71 సీట్లలో లేబర్‌కి 37, భారత సంతతికి కేటాయించిన 19కి 19 వాళ్లవే. ఫెడరేషన్ పార్టీకి సున్నా. మన ఓట్లలో దాదాపు మూడో వంతు వచ్చినా సున్నాయే. రెడ్డిగారు సొంత సీటు కూడా ఓడిపోయారు. ఆయన కొట్లాడి తెరిపించిన తలుపులోంచి మహేంద్ర చౌధరి తొలి భారత సంతతి ప్రధానిగా లోపలికి వెళ్లారు. మా ఆయన ఆ రాత్రి స్నేహితులతో డాన్సు చేశాడు. మామయ్య రేడియో కట్టేసి, బ్యాటరీలు తీసి, కొంగులో మూటకట్టినట్టు పంచె చివర్లో కట్టుకుని పడుకున్నారు. ఎందుకలా కట్టుకున్నారో ఇప్పటికీ తెలీదు.

రెడ్డిగారు జనాన్ని నిందించలేదు, పార్టీని పట్టుకుని వేలాడలేదు. రాజకీయాల నుంచి తప్పుకున్నారు. మరుసటి ఏడు, 2000 మే 19న, జార్జ్ స్పైట్ అనే తిరుగుబాటుదారుడి మనుషులు పార్లమెంటులో జొరబడి చౌధరిగారిని 56 రోజులు బందీగా ఉంచారు. మళ్లీ అదే మే నెల. ఈసారి మేమూ ఆగలేదు. మామయ్య లీజు కూడా అప్పటికే తీరిపోయింది. అత్తమ్మ పోయింది. ఆయన్నీ వెంటబెట్టుకుని సిడ్నీ వచ్చేశాం. బియ్యం డబ్బా ఎవరికో ఇచ్చేశాం. అందులో అట్ట ఉందో లేదో చూసుకోలేదు.

రెడ్డిగారు జడ్జి అయ్యారు. ఫిజీ అప్పీల్ కోర్టుకి అధ్యక్షుడిగా చేశారు. 2003లో ఐక్యరాజ్య సమితి ఆయన్ని రువాండా నరమేధం కేసులు విచారించే ట్రిబ్యునల్‌కి ఎన్నుకుంది. టాంజానియాలో అరూషా అనే ఊళ్లో కోర్టు. మామయ్య ఆఖరి ఏడాది అదే. మంచంలో ఉండి, "అంత దూరం తీర్పు చెప్పడానికి మన లౌటోకా వకీలు కావాల్సొచ్చాడు" అని నర్సుకి కూడా చెప్పేవారు. పాపం ఆ అమ్మాయి ఫిలిప్పీన్స్ పిల్ల, తెలుగులో చెబుతున్నారని కూడా ఆయనకి ధ్యాస లేదు.

ఆయన పోయాక, 2008 డిసెంబర్‌లో, ఆ ట్రిబ్యునల్ ఒక పెద్ద తీర్పిచ్చింది. రువాండా సైన్యంలో కల్నల్‌గా ఉన్న తెయోనెస్త్ బగొసోరాకి యావజ్జీవం. అప్పీల్లో తర్వాత 35 ఏళ్లకి తగ్గిందనుకోండి. ఆ తీర్పిచ్చిన ముగ్గురు జడ్జీల్లో ఒకరు జైరాం రెడ్డిగారు. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కల్నల్‌కి శిక్ష వెయ్యాలంటే ఈయన ఆఫ్రికా దాకా పోవాల్సొచ్చింది" అన్నాడు. అది వెటకారమో, మెచ్చుకోలో నేను అడగలేదు. రెడ్డిగారి గురించి అతని నోట ఏళ్ల తర్వాత వచ్చిన మాట అది.

మరుసటి ఏప్రిల్‌లోనే ఫిజీలో అప్పటి సైనిక పాలనలో 1997 రాజ్యాంగాన్ని రద్దు చేసేశారు. పన్నెండేళ్లు కూడా నిండలేదు దానికి.

*

2022 ఆగస్టులో రెడ్డిగారు పోయారు. ఎనభై అయిదేళ్లు. ఆ డిసెంబర్‌లో ఎన్నికలైతే 55 సీట్లలో ఎవరికీ మెజారిటీ రాలేదు. రంబుకా కొత్త పార్టీకి 21, ఫెడరేషన్ పార్టీకి 5, ఇంకో చిన్న పార్టీకి 3. ముగ్గురూ కలిసి, క్రిస్మస్ ముందు రోజు సభలో ఓటింగ్ పెడితే 28కి 27. ఒక్క ఓటు తేడాతో రంబుకా మళ్లీ ప్రధాని. అప్పటి ఫెడరేషన్ నాయకుడు బిమన్ ప్రసాద్ ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి అయ్యారు. 1999లో జనం ఛీకొట్టిన పొత్తే, రెడ్డిగారు పోయిన నాలుగు నెలలకి, ఆయన చూడకుండా గద్దెనెక్కింది. 2023 మే 14న, అదే తారీఖున, 1987లో చేసినదానికి రంబుకా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. గిర్మిట్ రోజుకి సెలవు కూడా ఇచ్చారు.

క్షమాపణ వీడియో మేమిద్దరం ఫోన్లో చూశాం. మా ఆయన రెండుసార్లు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని ఏవో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. లెక్కల మాస్టరు కదా, ఏం తోచకపోయినా లెక్కే.

"చూడు, అయిదు సీట్లతో ప్రభుత్వం నిలబడింది" అన్నాడు. "1999లో మూడో వంతు ఓట్లకి లెక్క ప్రకారం ఆయనకి ఓ అయిదారు సీట్లు వచ్చుంటే? సభలో కూర్చునుంటే? స్పైట్ అంత పని చేసేవాడా?"

"మామయ్య అప్పుడే అన్నారుగా అది."

"నాన్నకి లెక్కలు తెలీవు. అభిమానం."

"మరి లెక్కలు తెలిసినవాళ్లు మీరే కదా, ఆ రాత్రి డాన్సు చేసింది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా వైపు అదోలా చూశాడు. "సరే గానీ, ఇన్నేళ్లు అడగలేదు. ఆ ఎన్నికల్లో నువ్వెవరికేశావు?"

పొయ్యి మీద పప్పు పెట్టానని చెప్పి లేచాను. ఇప్పటికీ వారానికోసారి అడుగుతూనే ఉన్నాడు.